రెండువేల అక్షరాలు

“మా అమ్మాయి చెయ్యి కొంచెం స్లో అండి. కూర్చోండి, అయిపోద్ది” అన్నాడు చంద్రమౌళి.

ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కోపం ఉండదు, విసుగూ ఉండదు. వచ్చినవాళ్లకి ఫ్యాను వేసి, మంచినీళ్ల సీసా ముందుకు జరిపినట్టే, మర్యాదలో భాగంగా ఆ మాట కూడా చెబుతాడు. వాళ్లు కంప్యూటరు ముందు కూర్చున్న షాపు ఆపరేటరు కృపాజ్యోతి వైపు ఒకసారి జాలిగా చూసి, బెంచీ మీద సర్దుకుంటారు. మొన్నామధ్య చోడవరం నుంచి వచ్చిన ఒక ముసలాయన “పక్షవాతమా అమ్మా?” అని అడిగి, కాపు పెట్టుకోవడానికి ఏదో ఆకు పేరు కూడా చెప్పి వెళ్లాడు.

కృపాజ్యోతి చెయ్యి మౌసు మీదే ఉంది. ఆ చేతికి ఏ జబ్బూ లేదు. శుభలేఖలో పెళ్లికూతురి పేరున్న వరసని వేరే అక్షరంలోకి మారుద్దామని ఫాంట్ల జాబితా మీద నొక్కింది, అంతే. తెరమీద ఇసుక గడియారం బొమ్మ వచ్చి కూర్చుంది. ఇక ఆ సిస్టం తన కడుపులో ఉన్న రెండువేల ఫాంట్ల పేర్లనీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, వరసలో నిలబెట్టి, అప్పుడు గానీ జాబితా తెరవదు. ఈలోగా మౌసు కదిపితే తెర మొత్తం తెల్లబోతుంది. తెల్లబోయిందంటే మళ్లీ మొదటినుంచీ. అందుకని ఆమె చెయ్యి కదపకుండా, ఫొటో దిగుతున్న మనిషిలా కూర్చుంటుంది. చూసేవాళ్లకి చెయ్యే స్లోగా కనిపిస్తుంది మరి.

ఆ రెండువేలూ చంద్రమౌళి సొంతంగా కూడబెట్టినవి. ఫాంట్లని ఆయన ఫాంట్లనడు, అక్షరాలంటాడు. విశాఖపట్నం వెళ్లినవాళ్లు బీచికి వెళ్తారు, ఈయన సీడీలు అమ్మే సందులోకి వెళ్తాడు. కాగితం అమ్మడానికొచ్చిన ఏజెంటుని కూడా “కొత్త అక్షరాలేవైనా తెచ్చేరా?” అని అడగకుండా వదలడు. తెచ్చిన ప్రతి సీడీనీ స్వయంగా సిస్టంలో పెట్టి, ఉన్నదంతా ఎక్కించి, భోజనం చేసినంత తృప్తిగా లేస్తాడు. అనకాపల్లి రింగు రోడ్డు మీదున్న షాపు బోర్డులో ‘శ్రీ నూకాంబికా గ్రాఫిక్స్’ అన్న పేరు కింద ‘రెండువేల రకముల అక్షరములు గలవు’ అని ఎర్రరంగుతో రాయించాడు. వాటిలో వాడేవి నాలుగు. పెళ్లికొకటి, దినం కార్డుకొకటి, చర్చి పోస్టర్లకొకటి, మిగతా లోకానికంతటికీ ఒకటి. మిగిలినవన్నీ పనీపాటా లేకుండా సిస్టం బుర్ర తింటూ కూర్చున్నాయి.

సాయంత్రం బెంచీ ఖాళీ అయ్యాక చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు.

“జ్యోతీ, చెప్పడం మర్చిపోయేను. ఎలమంచిలిలో మా ఫ్రెండు కూతురుంది, సుప్రియ. వైజాగ్‌లో డీటీపీ కోర్సు చేసింది. కీబోర్డు మీద ఆ పిల్ల చెయ్యి కంటికి కనబడదంట. సోమవారం నుంచి వత్తాదంది.”

“మంచిది సార్. ఇంకో సిస్టం తెత్తన్నారా?”

“ఇంకోటెందుకు? ఇదుంది కదా. నువ్వు లామినేషన్ చూసుకుందువు. అదీ కూర్చునే పనే. చేతికి కాస్త రెస్టు.”

కృపాజ్యోతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. లామినేషన్ మిషను వెనక గదిలో, గోడవైపు తిరిగి ఉంటుంది. అక్కడ కూర్చుంటే ఒళ్లు కాగడమే తప్ప మనిషి ముఖం కనబడదు. ఈ కుర్చీలో కూర్చుని ఆమె అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో సగం పెళ్లిళ్లు చేసింది, సగం మందిని సాగనంపింది. తీరా చేతికి లేని జబ్బు అంటగట్టి లేవగొడుతున్నారు. ఏడుపుని మించి ఒళ్లు మండింది.

“స్లో నా చెయ్యి కాదు సార్, సిస్టం. ఆ ఫాంట్లన్నీ మొయ్యలేక చస్తంది.”

“ఈ సిస్టం కొన్న కొత్తలో గుర్రంలా పరిగెట్టింది” అన్నాడు చంద్రమౌళి శాంతంగా. “సిస్టం అదే, కుర్చీ అదే, నువ్వూ నువ్వే. మరి మారిందేటి? వయసు. ఎవరికైనా వత్తాది, సిగ్గుపడక్కర్లేదు.”

కృపాజ్యోతికి ముప్పై రెండేళ్లు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె జెఫ్రీని వెంటపెట్టుకుని వచ్చింది. జెఫ్రీ కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఆమె వెళ్లే చర్చిలోనే ఆదివారాలు గిటారు వాయిస్తాడు. సంచిలోంచి స్క్రూడ్రైవర్లు తీసి బల్లమీద పరిచాడు గానీ వాటితో పని పడలేదు. ఫాంట్లున్న ఫోల్డరు మీద నొక్కి, అది తెరుచుకునేలోగా టీ తాగాడు, పేపర్లో జిల్లా పేజీ చదివాడు, ఎదురు షాపువాడితో క్రికెట్ మాట్లాడి వచ్చాడు. వచ్చేసరికి ఫోల్డరు సగం తెరుచుకుంది.

“అక్కా, ఇది సిస్టమా, సత్రమా?” అన్నాడు. తర్వాత చంద్రమౌళి వైపు తిరిగి, “సార్, వాడేవి నాలుగుంచి మిగతావి డిలీట్ చేసేద్దాం” అన్నాడు.

చంద్రమౌళి లేచి నిలబడ్డాడు.

“బోర్డు మీద రాయించేను.”

“బోర్డు మార్పించండి సార్.”

“నాలుగు రకముల అక్షరములు గలవు అనా? ఎవడొత్తాడయ్యా షాపుకి?”

జెఫ్రీ కాసేపు బుర్ర గోక్కుని, మరో దారి చెప్పాడు.

“పోనీ, ఫాంట్లని సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి సార్. ఒక్కటీ పోదు. అన్నీ ఇంట్లోనే ఉంటాయి. ఏ పనికి ఏవి కావాలో వాటినే లేపుతాది, మిగతావి పడుకుంటాయి. మీ ఇంట్లో పెద్ద గుండిగలున్నాయా?”

“ఉన్నాయి. మా అమ్మాయి పెళ్లికి కొన్నవి.”

“రోజూ పొయ్యి మీద పెడతారా?”

“అటక మీదుంటాయి.”

“మరి అటక మీదున్నవి ఉన్నట్టా, లేనట్టా?”

చంద్రమౌళి ఈ ప్రశ్నని చాలాసేపు నాలుకమీద వేసుకుని చూశాడు. “ఉన్నట్టే” అన్నాడు చివరికి, ఏదో ఒప్పేసుకున్నవాడిలా. “సరే, తే. శనివారానికి ఇది పరిగెట్టిందా, ఎలమంచిలికి ఫోన్ చేసి వద్దంటాను. లేదా, సోమవారం సుప్రియ ఈ కుర్చీలో ఉంటాది.”

జెఫ్రీ మూడు సాఫ్ట్‌వేర్లు సీడీలో వేసుకొచ్చాడు. మూడూ కొన్నాళ్లు ఊరికే వాడుకోనిచ్చేవి, నచ్చితే తర్వాత కొనుక్కోవచ్చు. పిల్లకి పెళ్లిచూపులకన్నా ఎక్కువ హంగామాతో చంద్రమౌళి కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. కృపాజ్యోతి ఆయన భుజం వెనక నిలబడి, మనసులో ప్రార్థన చేసుకుంటోంది. ఏ సాఫ్ట్‌వేరైనా ఆమెకి ఒకటే. శనివారంలోగా ఏదో ఒకటి ఈయనకి నచ్చాలి.

మొదటిది చాలా తెలివైనది. ఎక్కించగానే ఫోల్డరంతా వెతికి, ఒకే ఫాంటు వేరువేరు పేర్లతో ఎక్కడెక్కడుందో పట్టుకుని, తేల్చి చెప్పింది: ఉన్నవి వెయ్యి కూడా లేవు, మిగతావన్నీ నకళ్లు.

చంద్రమౌళి ముఖం నల్లబడిపోయింది. “సగం మింగేసింది.”

“మింగలేదు సార్, అవి ముందునుంచీ లేవు. ఒకటే ఫాంటుని రెండు మూడు సీడీల్లో పెట్టి అమ్మేరు మీకు” అన్నాడు జెఫ్రీ.

“నాకా? నన్నెవడూ మోసం చెయ్యలేదు. నిన్నటిదాకా నిక్షేపంగా రెండువేలున్నాయి. ఇది వచ్చేక తగ్గేయంటే దొంగ ఎవరు? తియ్, తీసేయ్ దీన్ని.”

కృపాజ్యోతికి నచ్చింది అదే. పైకి అనలేదు.

రెండోది మర్యాదైనది. లెక్క జోలికి పోకుండా, ఒక్కో ఫాంటూ ఎలా ఉంటుందో చూపించడానికి ఇంగ్లీషు వాక్యం ఒకటి రాసి చూపించేది. ఇంగ్లీషు ఫాంట్లకి బాగానే ఉంది. తెలుగు ఫాంట్ల దగ్గరకొచ్చేసరికి ఆ ఇంగ్లీషు మీటలకి ఏ తెలుగు ముక్కలు తగిలితే అవి పడి, కొమ్ములూ గుడులూ ఒత్తులూ కలగాపులగమై, ఏ భాషా కాని వాక్యం తెరమీద నిలబడింది. చంద్రమౌళి కళ్లజోడు సర్దుకుని దాన్ని గట్టిగా చదవడానికి ప్రయత్నించాడు. ఒకసారి చదివాడు. రెండోసారి చదివేసరికి స్క్రీన్ ప్రింటింగ్ చేసే అప్పారావు వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

“ఏటైంది సార్? ఎవర్ని తిడతన్నారు?”

“నేను కాదు. ఇది తిడతంది” అన్నాడు చంద్రమౌళి, తెర వైపు వేలు చూపిస్తూ. “అందులో చివరి ముక్క బాగోలేదు. ఆడపిల్ల కూర్చునే చోట ఇలాంటివొద్దు. తియ్.”

జెఫ్రీ కృపాజ్యోతి వైపు చూశాడు. కృపాజ్యోతి పైకప్పు వైపు చూసింది. శుక్రవారం మధ్యాహ్నం అయిపోతోంది.

మూడోది ఆ మూడింటిలోనూ బరువైనది, తెరుచుకోవడానికే బద్ధకించేది. కానీ దానికో గుణం ఉంది. ఫాంట్లని చూపించడానికి ఏ మాట రాయాలో మనల్నే అడుగుతుంది. కృపాజ్యోతి ఒక్క క్షణం ఆలోచించి, తెలుగు మీటల్తో ‘చంద్రమౌళి’ అని కొట్టింది.

తెరనిండా చంద్రమౌళి. లావుగా చంద్రమౌళి, సన్నగా చంద్రమౌళి, తీగలు పాకిన చంద్రమౌళి, నీడ పడ్డ చంద్రమౌళి. కిందికి జరిపితే ఇంకా చంద్రమౌళి.

ఆయన మౌసు తన చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా కిందికి జరుపుతూ చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. రాత్రి భోజనానికి రమ్మని ఇంటినుంచి ఫోనొస్తే, పనిలో ఉన్నానన్నాడు. బ్యానరు కోసం వచ్చిన కోచింగ్ సెంటరువాళ్లని రేపు రమ్మన్నాడు. ఒకచోట ఆగి, “జ్యోతీ, ఇందులో నా పేరు చూడు, గోపురంలా లేదూ?” అన్నాడు. ఆ గొంతు విని కృపాజ్యోతికి ఆయన మీద కోపం ఒక గడియ పాటు పోయింది. ఇన్నాళ్లూ పోగేసుకున్నవాటిని ఆయన ఇప్పటిదాకా ఒక్కసారైనా చూసుకోలేదని ఆమెకి అప్పుడే తెలిసింది.

“ఇదే కొందాం” అన్నాడు.

ఇక గుంపులు కట్టడం. పెళ్లి, దినం, చర్చి, ఇతరములు అని నాలుగు గుంపులు పెట్టి, ఏ గుంపు కావాలంటే దాన్ని లేపొచ్చని జెఫ్రీ చెప్పాడు. ఇక్కడ మళ్లీ పేచీ వచ్చింది. కార్డుల్లో చిన్న వరసలకి వాడే సాదా అక్షరం ఒకటి పెళ్లిలోనూ ఉండాలి, దినంలోనూ ఉండాలి.

“దినంలో వాడిన అక్షరం శుభలేఖలోకి రాకూడదు” అన్నాడు చంద్రమౌళి. “నా షాపులో ఎప్పుడూ అలా జరగలేదు.”

ఇన్నేళ్లుగా ప్రతిరోజూ అదే జరుగుతోందని కృపాజ్యోతి చెప్పలేదు. పెళ్లి చేసుకున్నవాళ్లంతా పిల్లాపాపల్తో బాగానే ఉన్నారు.

“పోనీ సార్, దానికి ఇంకో కాపీ చేసి, వేరే పేరు పెడతాను. ఒకటి శుభానికి, ఒకటి అశుభానికి” అంది.

“అలా చెయ్యి. అద్దిరిపోయింది.” ఆయన సంతోషంగా చేతులు రుద్దుకున్నాడు. “ఒకటి పెరిగింది కూడాను.”

నాలుగు గుంపులూ తయారయ్యాయి. మిగతావన్నీ పడుకున్నాయి. సిస్టం ఆపి మళ్లీ వేస్తే, ఆమె కుర్చీ దగ్గరికి లాక్కునేలోగా తెర వెలిగింది. ఫాంట్ల జాబితా మీద నొక్కింది. నొక్కిన వేలు ఎత్తకముందే తెరుచుకుంది. ఇసుక గడియారం ఎక్కడా లేదు. కృపాజ్యోతి మూసింది, మళ్లీ తెరిచింది. మళ్లీ మూసింది. నవ్వాపుకోలేకపోయింది.

*

శనివారం పొద్దున్నే కొండకర్ల నుంచి నూకరాజు వచ్చాడు. చెరకు రైతు. రెండో కూతురి పెళ్లి కార్డులు కొట్టించాలి. పెద్దకూతురి కార్డులు కూడా ఇక్కడే కొట్టించాడు గనక పద్ధతి తెలిసి, తీరిగ్గా వచ్చాడు. ఉతికిన పంచె కట్టి, పొట్లం విప్పని చుట్టలు జేబులో పెట్టుకుని, మాపటిదాకా ఫ్యాను కింద కూర్చోవడానికి సిద్ధపడి వచ్చాడు. చెరకు ఫ్యాక్టరీవాళ్ల పర్మిట్టు కాగితం వెనక రాసిన మేటరు ఇచ్చి, కార్డు మోడలు చూపించి, బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

“ఓ టీ సెప్పు మావా” అన్నాడు చంద్రమౌళితో.

టీ వచ్చింది. టీతోపాటే ప్రూఫు కూడా వచ్చింది.

నూకరాజు గ్లాసు పట్టుకుని కాగితం వైపు చూశాడు. “ఇదెవలిది?”

“మీదేనండి. చూసి చెప్పండి” అంది కృపాజ్యోతి.

“అప్పుడే? నేనింకా సరిగ్గా కూకోనేదు.” ఆయన మొహంలో అనుమానం వచ్చింది. చెయ్యి పట్టుకుని చూడకుండా మందు రాసిచ్చిన డాక్టరు వైపు చూసినట్టు చూశాడు. కాగితం తిరగేసి చూశాడు, వెనక ఏమీ లేదు. తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు, అది నిన్న చంద్రమౌళి మెచ్చిన గోపురం అక్షరాల్లో బాగా కనబడింది. తమ్ముళ్ల పేర్లు వేలు పెట్టి చూశాడు. “బాగానే ఉన్నట్టుంది” అన్నాడు దిగులుగా. టీ తాగేసి, ఇక కూర్చోవడానికి కారణం లేక, లేచాడు. ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి అప్పారావుకి ఇచ్చేసరికి ఆయన ఇంకా గుమ్మం దగ్గరే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

చంద్రమౌళి అంతా చూశాడు. చూసి, ఎలమంచిలికి ఫోన్ చేశాడు. “అమ్మాయిని ఇప్పుడే వద్దులే బావా, కొన్నాళ్లు చూద్దాం” అన్నాడు. కృపాజ్యోతి ఊపిరి పీల్చుకుంది. కుర్చీ నిలబడింది. ఇప్పుడు ఒక మాట వస్తుంది, తప్పదు, ఎంత పెద్దమనిషైనా ఒక మాట అనాలి కదా అని ఆయన వైపు తిరిగి కూర్చుంది.

“చూసేవా జ్యోతీ” అన్నాడు చంద్రమౌళి మెచ్చుకోలుగా. “సాఫ్ట్‌వేర్ వేయించేక నీ చెయ్యి ఎలా బాగుపడిందో.”

*

తర్వాతి రోజుల్లో షాపు బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. కూర్చునేంత పని మిగల్లేదు. మనుషులు నిలబడి మేటరు ఇచ్చి, నిలబడి ప్రూఫు చూసి, నిలబడే వెళ్లిపోయారు. టీ కొట్టువాడు రెండుసార్లు వచ్చి, “షాపు బాగా నడవట్లేదా సార్?” అని అడిగి పోయాడు. ఒక దినం కార్డు ఇచ్చినవాళ్లు పరుగున తిరిగొచ్చి, పెద్ద కోడలి పేరు పడలేదని కొత్త కార్డులు కొట్టించుకున్నారు. సువార్త సభల పోస్టరులో మాట్లాడే బోధకుడి పేరే లేకపోతే, చేత్తో రాసి అంటించుకున్నారు. మేటరులో ఉన్నదే పడింది, లేనిది పడలేదు. కృపాజ్యోతి తప్పేమీ లేదు. కానీ ఇంతకుముందు ఇలా ఎందుకు జరగలేదో ఆమెకి అర్థం కాలేదు.

మంగళవారం ఎండ పడే వేళకి నూకరాజు భార్య తలుపులమ్మ ఆటో దిగింది. వెనకే నూకరాజు, తల వంచుకుని, కార్డుల అట్టపెట్టె మోసుకుంటూ. ఆమె పెట్టె అందుకుని బల్లమీద దభీమని పెట్టింది. కార్డులన్నిటికీ మూలల్లో పసుపు రాసి ఉంది.

“ఏటండీ, మా అన్న సచ్చిపోయేడా?” అంది.

చంద్రమౌళి కంగారుగా లేచాడు. “అయ్యో, ఎప్పుడమ్మా? దినం కార్డులేనా?”

“సచ్చిపోతే కదా పేరు తీసేత్తారు! నక్కపల్లిలో గుండ్రాయిలాగున్నాడు మా పైడిరాజు అన్న. పిల్లకి సొంత మేనమామ. కార్డులో ఈయన తమ్ముళ్లున్నారు, తమ్ముళ్ల పెళ్లాలున్నారు, పాలోళ్లున్నారు. మా అన్న పేరు లేదు. కార్డు అట్టుకెళ్తే సదువుకుని, తిప్పి పంపేడు. ఎవరి పేరుంటే ఆళ్లనే బుట్ట మొయ్యమన్నాడు.”

చంద్రమౌళి పెట్టెలోంచి ఒక కార్డు తీసి చూశాడు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటలదాకా తేవలసినవాడు మేనమామ. ఆయన రానంటే పెళ్లి ఎక్కడికక్కడే ఆగుతుంది. తలుపులమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నూకరాజు బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు.

“మావా, నేను మరిసిపోలేదు” అన్నాడు సన్నగా. “గుర్తొచ్చేలోపల అయిపోయింది.”

చంద్రమౌళి నోరు తెరిచాడు. ఏళ్ల అలవాటు కదా, మాట దానంతటదే వచ్చింది. “అదేనమ్మా, మా అమ్మాయి చెయ్యి కొంచెం ఫాస్టు...”

కృపాజ్యోతి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“ఆపండి సార్! నిన్నటిదాకా స్లో అన్నారు. ఊరందరికీ చెప్పేరు. చర్చిలో కూడా చెయ్యెలాగుంది అని అడుగుతున్నారు నన్ను. ఇప్పుడు ఫాస్టంటారా? నా చెయ్యి అప్పుడూ ఇలాగే ఉంది, ఇప్పుడూ ఇలాగే ఉంది. చూడండి!” అని అయిదు వేళ్లూ ఆయన ముఖం ముందు చాపింది.

చంద్రమౌళి వెనక్కి జరిగాడు. ఉక్రోషం వచ్చింది. ఫోన్ అందుకున్నాడు. “ఇలాగైతే ఎలమంచిలి పిల్లనే పిలుత్తాను.”

“ఆ పిల్లెవలు?” అంది తలుపులమ్మ ముక్కు చీదుతూ.

“సుప్రియని, కొత్త ఆపరేటరు. కీబోర్డు మీద చెయ్యి కనబడదు.”

“దీనికన్నా బేగీ సేత్తాదా?”

“దీనికి రెండింతలు.”

“అమ్మో, వద్దు బాబూ” అంది తలుపులమ్మ. “అసలే ఒక మేనమామ పోయేడు. పెద్దదాని పెళ్లికి కార్డు ఈ అమ్మే కదా సేసింది. ఈయన పొద్దున్న వత్తే సీకటి పడ్డాక గానీ ఇంటికొచ్చేవోడు కాదు. ఈ బల్ల మీద కూకుని ఒక్కొక్క సుట్టాన్నీ గుర్తు తెచ్చుకునేవోడు. ఈయమ్మ ఆ టీవీ కేసి సూత్తా, ‘ఇంకెవరైనా ఉన్నారా బాబూ’ అని అడిగేదంట. అంతా అయ్యి కాయితం మర్నాటికి గానీ వచ్చేది కాదు. అది ఇంటికి తెచ్చి సదివించేవోడు. మేమంతా సుట్టూ కూకుని, ఈళ్లేరీ, ఆళ్లేరీ అని అరిసేవోళ్లం. ఒక్క పేరు తప్పిపోలేదు. ఇప్పుడేటి? మనిషి టీ తాగేలోపల కార్డయిపోతే, సుట్టాలు ఎప్పుడు గుర్తొత్తారు?”

చంద్రమౌళి ఫోన్ కింద పెట్టాడు. తలుపులమ్మ వైపు, ఖాళీ బెంచీ వైపు, గుమ్మంలోంచి కనబడుతున్న బోర్డు వెనక వైపు చూశాడు. ఆయన ముఖంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. అందులో పశ్చాత్తాపం లాంటిది ఎంత వెతికినా దొరకదు.

“జ్యోతీ” అన్నాడు. “ఆ పడుకున్న అక్షరాలన్నిట్నీ లేపు.”

“ఏటి సార్?”

“అన్నిట్నీ. రెండువేలూను. ఊరికే పోగేసేననుకున్నావా నేను?”

కృపాజ్యోతి కదల్లేదు. చెయ్యి మౌసు మీద పెట్టలేదు.

“లేపుతాను సార్. లేపితే సిస్టం స్లో అవుద్ది.”

“అవ్వాలనే కదా.”

“ఎందుకు స్లో అని వచ్చినోళ్లు అడుగుతారు. ఏటి చెప్తారు?”

చంద్రమౌళి తడుముకున్నాడు. ఇది ఆయన ఎప్పుడూ ఆలోచించని విషయం. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర ఉన్నది ఒకటే జవాబు, అది ఇన్నేళ్లలో బాగా అరిగిపోయింది. “ఏదో ఒకటి చెప్తాలే” అన్నాడు.

“ఏదో ఒకటి కాదు” అంది ఆమె. అనేసి, వచ్చి కుర్చీలో కూర్చుంది. సాఫ్ట్‌వేరు తెరిచి, అన్ని గుంపులకీ పక్కనున్న గళ్లలో టిక్కు పెట్టింది. ఇసుక గడియారం మెల్లిగా వచ్చి, తన పాత చోటులో కూర్చుంది. ఆ బొమ్మని చూసి ఆమెకి నవ్వొచ్చింది, ఎన్నాళ్లకో కనబడ్డ చుట్టాన్ని చూసినట్టు.

“పైడిరాజు గారి పేరు వేత్తన్నాను. ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?”

“ఇంకెవరూ లేరు” అన్నాడు నూకరాజు గట్టిగా.

“లేరు” అంది తలుపులమ్మ.

అందరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. టీ కొట్టువాడు గుమ్మంలోంచి తొంగిచూసి, సంగతి గ్రహించి, అడక్కుండానే గ్లాసులు తెచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది. నూకరాజు నెమ్మదిగా కాళ్లు బెంచీ మీదికి లాక్కున్నాడు. జాబితా ఇంకా తెరుచుకోలేదు.

తలుపులమ్మ గ్లాసు కింద పెట్టింది.

“ఓలమ్మో. మా సిన్నాన్న!”

*

ఆ వారంలోనే జాన్ బాబు తన కొడుకు పెళ్లి కార్డు కోసం వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆలస్యమంటే పడదు. బెంచీ మీద కూర్చున్నా వీపు ఆన్చకుండా, చేతి గడియారం చూసుకుంటూ ఉన్నాడు. కృపాజ్యోతి పెళ్లికొడుకు పేరున్న వరస దగ్గర ఆగి, జాబితా మీద నొక్కింది. ఇసుక గడియారం వచ్చింది.

“ఏంటండీ చంద్రమౌళి గారూ, ఇంత ఆలస్యం?” అన్నాడు జాన్ బాబు. “ఒక పేరు మార్చడానికి ఇంత సేపా?”

చంద్రమౌళి మంచినీళ్ల సీసా ముందుకు జరిపాడు. ఫ్యాను ఒక పాయింటు పెంచాడు.

“మా అమ్మాయి చె...”

కృపాజ్యోతి వెనక్కి తిరగలేదు. కుడిచెయ్యి మౌసు మీదనుంచి తీసి, ఎడమచేతితో కలిపి ఒళ్లో పెట్టుకుంది. ఊరికే అలా కూర్చుంది. తెర తెల్లబోలేదు, ఇసుక గడియారం తన పని తాను చేసుకుపోతోంది. ఆ చెయ్యి లేకపోయినా అది స్లోగానే ఉంది. జాన్ బాబు కూడా చూశాడు, గుమ్మంలో ట్రేసింగ్ కోసం నిలబడ్డ అప్పారావూ చూశాడు.

చంద్రమౌళి ఆ చేతి వైపు చూశాడు. ఇన్నేళ్లుగా తాను రోజూ ఏదో ఒకటి అంటున్న చేతిని సరిగ్గా చూడటం బహుశా అదే మొదటిసారి. సగంలో ఆగిన మాటని వదిలేసి, ఇంకోటి వెతుక్కున్నాడు.

“సిస్టం స్లో అండి” అన్నాడు. అది చాల్లేదనిపించి కాస్త గట్టిగా, వీధిలోకి వినిపించేలా అన్నాడు. “రెండువేల అక్షరాలు మొయ్యాలి కదండీ, సిస్టం స్లో. చేతిదేం లేదు. ఆ చెయ్యి బంగారం.”

కృపాజ్యోతి కళ్లు తుడుచుకుని, చెయ్యి మౌసు మీద పెట్టి, జాబితా తెరుచుకునేదాకా ఆగి, జాన్ బాబు వైపు తిరిగింది.

“ఇంకెవరైనా ఉన్నారా సార్?” అంది.

“ఎవరూ లేరమ్మా” అన్నాడు జాన్ బాబు. అని, వీపు బెంచీకి ఆన్చి, పైకప్పు వైపు చూస్తూ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.